చెట్టు మీది ఆర్కిడ్ దొంగ కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. విశాఖపట్నంలో మా ఆర్కిడ్, ఆకు మొక్కల పెంపకందారుల సంఘం రెండు రోజుల పాటు జరిపిన ప్రదర్శన గురించి పోయిన సోమవారం మీ జిల్లా పేజీలో మూడు ఫొటోలతో వార్త వేశారు. సంఘం పక్షాన మాట్లాడే అధికారం నాకు లేకపోయినా, పదేళ్లుగా అందులో సభ్యురాలిని కనుక ముందుగా నా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. అయితే ఆ వార్తలోని రెండు మాటలు చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఆర్కిడ్లను "చెట్ల రసం పీల్చి బతికే పరాన్నజీవి మొక్కలు" అన్నారు. శీర్షికలో మా పనిని "కలవారి సరదా" అన్నారు. రెండో మాటకు నవ్వి ఊరుకోవచ్చు. మొదటిదానికి ఊరుకోలేను, ఎందుకంటే తోటల్లో ఆ మాట వెనకే కత్తి కూడా వస్తుంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. వృక్షశాస్త్రం నా విషయం కాదు. కానీ ఈ తప్పు మొదలైంది వృక్షశాస్త్రంలో కాదు, మన భాషలోనే. మన పల్లెల్లో చెట్టు కొమ్మ మీద మరో మొక్క కనబడితే, అది ఏదైనా సరే "బదనిక" అంటారు. మామిడి కొమ్మలకు పట్టి, దళసరి ఆకులతో, గొట్టాల్లాంటి పూలతో గుబురుగా పెరిగి, చెట్టు చర్మంలోకి తన వేరును దిగగొట్టి నీటినీ లవణాలనూ లాక్కునే మొక్కా బదనికే. దాని పండు తిన్న పిట్ట జిగురు గింజను మరో కొమ్మకు రాస్తుంది, అక్కడ కొత్త బదనిక లేస్తుంది, కొన్నేళ్లకు కొమ్మ ఎండిపోతుంది. రైతు దాన్ని నరకడం న్యాయమే. ఆ పక్క కొమ్మ మీదనే, పట్టీల్లాంటి ఆకులను రెండు వైపులా పరుచుకుని, తెల్లని లావాటి వేళ్లను బెరడు మీద పాకించి కూర్చునే వాండా అనే ఆర్కిడ్‌నూ బదనికే అంటారు. అది చెట్టు నుంచి చుక్క నీరు కూడా తీసుకోదు. కూర్చోవడానికి చోటు, తగినంత వెలుతురు, ఒంటికి తగిలే గాలి, ఇవే దానికి కావలసినవి. వాన నీరు, మంచు, బెరడు సందుల్లో కుళ్లిన ఆకుల సారం దాని ఆహారం.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం వృక్షశాస్త్రం చదివిన పిల్లలకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. వాళ్ల పుస్తకంలో వాండాను "వృక్షోపజీవి"కి ఉదాహరణగా చెప్పి, దాని వేళ్ల మీద స్పంజిలాంటి వెలామిన్ పొర ఉంటుందని రాశారు. ఆ పారిభాషిక పదం మీద నాకు కాస్త ఫిర్యాదు ఉంది. "ఉపజీవి" అనగానే చెట్టు మీద ఆధారపడి తినే మొక్క అనే అర్థమే తోస్తుంది, మీ విలేకరి కూడా బహుశా అక్కడే జారి ఉంటారు. వెలామిన్ ఏమిటో కళ్లతో చూడాలంటే మా ప్రదర్శనలో పిల్లల బల్ల దగ్గరికి రావలసింది. వెండి రంగులో ఎండి ఉన్న వాండా వేరు మీద గుక్కెడు నీళ్లు పోస్తే, చూస్తుండగానే అది ఆకుపచ్చగా మారుతుంది. పొర నీటిని పీల్చుకోగానే కింద ఉన్న పత్రహరితం బయటికి కనబడుతుంది. ఆ రెండు రోజులూ ఆ వేరుకు పిల్లలు పోసిన నీళ్లకు మొక్క కుళ్లిపోతుందేమోనని నేను భయపడ్డాను కానీ అది తట్టుకుంది.

ఇంకొక సంగతి మన ప్రాంతపు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలని ఉంది. వాండా అన్న పేరు సంస్కృతంలోని "వందాక" నుంచి వచ్చింది. మన తోటల్లో కనబడే వాండాను శాస్త్రానికి మొదట పరిచయం చేసినది, సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి మన తీరపు మొక్కలను పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్. ఆ మొక్కలకు ఇక్కడి చిత్రకారుల చేతనే బొమ్మలు గీయించి ఆయన వెలువరించిన సంపుటాలలో, 1795లో, దీని బొమ్మ అచ్చయింది. పువ్వు మీది చదరపు గళ్లను చూసి దానికి "టెస్సెలాటా" అని లాటిన్ పేరు పెట్టారు. పసుపు కలిసిన ఆకుపచ్చ రేకుల మీద గోధుమ రంగు గళ్లు, మధ్యలో ఊదా రంగు పెదవి. చూస్తే ఎవరో మగ్గం మీద నేసినట్టే ఉంటుంది. పేరు పుట్టిన నేల మీదే ఆ మొక్కను దొంగ అని పిలవడం నాకు మనసొప్పదు.

నేను ఈ సంఘంలోకి వచ్చిందే ఆ బదనిక వల్ల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పెందుర్తి వైపు మా అత్తగారింటి పెరట్లో నిలువెత్తు పాత మామిడి చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. వారం తర్వాత కట్టెల వాళ్లు కొమ్మలు నరుకుతుంటే, ఒక కొమ్మ మీద ఈ మొక్క అలాగే పచ్చగా ఉంది. "ఆ బదనికే చెట్టును తినేసింది, పొయ్యిలో పెట్టండి" అన్నారు మా అత్తగారు. తుపాను చేసిన పని మొక్క నెత్తిన పడిందేమోనని నాకు అనిపించి, కొమ్మ ముక్కతో సహా తెచ్చి మా మేడ మీద గోడకు కట్టాను. దానికి ఏం చేయాలో తెలియక కుండీలో మట్టి నింపి పాతి, రోజుకు రెండు పూటలా నీళ్లు పోసి, రెండు నెలల్లో సగం వేళ్లు కుళ్లబెట్టాను. అప్పుడు మా వీధిలోనే ఉండే ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి చూసి, మట్టి తీసేయించి, బొగ్గు ముక్కలూ కొబ్బరి డొక్కా పెట్టిన చెక్క బుట్టలోకి దాన్ని మార్పించారు. మూడో ఏడు ఏప్రిల్‌లో పూసింది. పొద్దున్నే తలుపు తీస్తే సన్నని తీపి వాసన వచ్చింది. మా అత్తగారు ఆ పువ్వును చూసి ఏమీ అనలేదు గానీ, ఆ తర్వాత ఆమె నోట మళ్లీ పొయ్యి మాట రాలేదు.

ఆ రైల్వే ఉద్యోగీ, ఆయన మిత్రులు మరి కొందరూ కలిసి నడుపుతున్నదే ఈ సంఘం. మీ విలేకరి "కలవారు" అన్న వారిలో ఓడరేవులో పనిచేసి దిగిపోయిన వాళ్లున్నారు, ఇద్దరు నర్సులున్నారు, ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు, టైలరింగ్ చేసుకునే ఆమె ఉంది, ఇంజనీరింగ్ కళాశాల పిల్లలున్నారు. పెద్ద ఇళ్ల వాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ మా దగ్గర అందరికన్నా ఎక్కువగా పూలు పూయించే వ్యక్తికి ఉన్నది అద్దె ఇంటి రెండో అంతస్తులో తూర్పు వైపు వరండా మాత్రమే. ప్రతి నెలా రెండో ఆదివారం ఎవరో ఒకరి మేడ మీద కలుస్తాం. సభ్యత్వ రుసుము ఏడాదికి ఒక కుండీ ఖరీదుకు మించదు.

ఆ సమావేశాలలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది "రోగుల బల్ల". ఎవరి మొక్క చావుకు దగ్గరపడితే వాళ్లు దాన్ని తెచ్చి ఆ బల్ల మీద పెట్టాలి. సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టిన మొక్క నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరని మా సంఘం పెద్దాయన సిద్ధాంతం. నిర్వాహకుల మొక్కలే అక్కడ ఎక్కువగా ఉంటాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. కుండీ బోర్లించి, వేళ్లు విడదీసి, నొక్కి చూస్తారు. గట్టిగా ఉన్న వేరు బతికినట్టు, గుల్లగా అణిగిపోయినది చచ్చినట్టు. ఈ పదేళ్లలో ఆ బల్ల మీద చూసిన చావుల్లో అత్యధికం నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై వచ్చినవే. ఫాలెనాప్సిస్ అనే ఆర్కిడ్ ఆకుల నడి గుంటలో సాయంత్రం పోసిన నీళ్లు రాత్రంతా నిలిచి మొవ్వు కుళ్లడం, బోరు నీటి లవణాలు తెల్లగా పేరుకుని వేళ్ల కొనలు మాడిపోవడం, సముద్రానికి ఎదురుగా ఉన్న మేడల మీద ఉప్పు గాలికి ఆకు అంచులు ఎండడం, ఆకు అడుగున పొలుసు పురుగు, గణుపుల్లో పిండినల్లి, వర్షాకాలంలో లేత వేరు కొనలను కొరికేసే నత్తలు. ఒకసారి డెండ్రోబియం అనే మరో ఆర్కిడ్ ఆకుల మీద పాలిపోయిన చారలు చూసి, అది వైరస్ అయి ఉండవచ్చునని దాన్ని కాల్చేయమన్నారు. తెచ్చిన ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆర్కిడ్లకు వచ్చే మొజాయిక్ వైరస్‌కు మందు లేదు, ఒక మొక్కను కోసిన కత్తెరతోనే మరో మొక్కను కోస్తే అది పాకిపోతుంది. ఆ రోజు నుంచి మా సమావేశాల్లో కత్తెర పక్కన సారా దీపం తప్పనిసరి అయింది, మొక్కకూ మొక్కకూ మధ్య బ్లేడును మంటలో కాలుస్తాం.

రోగుల బల్ల తర్వాత మార్పిడి బల్ల. ఒకరి మొక్కకు వచ్చిన పిలకలు, విడదీసిన దుంపలు, తీగ ముక్కలు అక్కడ పెడతారు, డబ్బు మాట లేదు. ఇక్కడ ఎక్కువగా చేతులు మారేవి ఆకు మొక్కలే. సంఘం పేరులో వాటిని ఎందుకు కలిపారని కొత్తవారు అడుగుతుంటారు. ఆర్కిడ్ ఏడాదిలో ఒకటి రెండు నెలలు పూసి మిగతా కాలమంతా మొద్దులా కూర్చుంటుంది, ఆ కాలమంతా కంటికి పచ్చగా ఏదో ఉండాలి కదా అన్నది ఒక జవాబు. అసలు జవాబు వేరు. నీడనూ తేమనూ గాలినీ అర్థం చేసుకోవడం ఆకు మొక్కల దగ్గర నేర్చుకుంటే ఖర్చు తక్కువ. ఆగ్లోనెమా తప్పులను క్షమిస్తుంది. కలాథియా క్షమించదు, ఆకు అంచులు కాల్చుకుని మన నీటి నాణ్యతను చాటింపు వేస్తుంది. కెలాడియం శీతాకాలంలో ఆకులన్నీ రాల్చి దుంపగా నిద్రపోతే, చచ్చిపోయిందని కుండీతో సహా పారేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ దుంపను పొడిగా ఉంచితే వేసవి మొదట్లో మళ్లీ మొలకెత్తుతుంది. వీటిలో చాలా మొక్కలు మన చేమ, కంద కుటుంబానివే. చేమాకు సరిగ్గా ఉడకకపోతే నోరు దురదపెట్టడానికి కారణమైన సూదుల్లాంటి ఆక్సలేటు స్ఫటికాలు డైఫన్‌బేకియాలోనూ కెలాడియంలోనూ ఉంటాయి కనుక, పసిపిల్లలున్న ఇళ్లకు ఈ మొక్కలు ఇచ్చేటప్పుడు ఎత్తులో పెట్టమని చెప్పి మరీ ఇస్తాం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా సభ్యుడొకాయన వేళాకోళం చేస్తాడు గానీ, ఆయన మనవడు ఆ ఆకు నమిలి గంటసేపు ఏడ్చిన రోజు ఆయనే ముందుగా ఈ నియమాన్ని ప్రతిపాదించాడు.

మనీప్లాంట్ గురించి ఒక్క మాట. దొంగతనంగా తెచ్చి పెడితేనే అది బాగా పెరుగుతుందన్న నమ్మకం వల్ల మా సభ్యుల గోడల మీది తీగలు తరచుగా పొట్టివవుతుంటాయి. అడిగితే ఇస్తాం, దయచేసి అడగండి. పసిఫిక్ దీవుల నుంచి ప్రపంచమంతా పాకిన ఈ తీగ 1964 తర్వాత తనంతట తాను పూసిన దాఖలా లేదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో దానికి జన్యులోపం ఉందని 2016లో తేల్చారు. విత్తనమే లేని మొక్క కేవలం చేతి నుంచి చేతికి, కొమ్మ ముక్కగా ఇన్ని దేశాలు తిరిగింది. మార్పిడి బల్లకు ఇంతకన్నా మంచి వకీలు దొరకదు.

మీ వార్తలో ఇంకొక వాక్యం ఉంది, ఆ తప్పు మీది కాదు, మాదే. "ఈ మొక్కలు ఇంట్లో గాలిని శుద్ధి చేస్తాయి, రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తాయి" అని మా సభ్యులలో ఒకరు మీ విలేకరికి చెప్పారు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన ప్రయోగం నుంచి ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. అది గాలి చొరబడకుండా మూసిన చిన్న గదుల్లో చేసిన ప్రయోగం. అప్పటి నుంచి వచ్చిన ఫలితాలను 2019లో మళ్లీ లెక్కగట్టి చూసిన పరిశోధకులు, మామూలు ఇంట్లో కిటికీల ద్వారానే జరిగే శుద్ధితో సమానం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా మొక్కలు కావాలని తేల్చారు. ఇక రాత్రి ఆక్సిజన్ సంగతి. పాము మొక్కా, చాలా ఆర్కిడ్లూ రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసుకుని దాచుకుంటాయన్నది నిజం. ఎండ దేశపు మొక్కలు నీటిని పొదుపు చేసుకునే ఉపాయం అది. కానీ ఆక్సిజన్ తయారయ్యేది వెలుతురులోనే. కిటికీ తెరవడానికి బద్ధకించి మొక్క కొనవద్దు. చూడడానికి బాగుందని కొనుక్కోండి, ఆ కారణం చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అనంతగిరి, అరకు ఘాట్ రోడ్డు మీద సెలవు రోజుల్లో ప్రయాణించిన వారికి తెలుసు, వెదురు బియ్యం, తేనె, సీతాఫలాల పక్కన కొన్నిచోట్ల గుత్తులుగా కట్టిన ఆర్కిడ్ మొక్కలు కూడా అమ్మకానికి ఉంటాయి. అడవిలో చెట్ల మీది నుంచి వేళ్లు తెగేలా పీకి తెచ్చినవి. మన తూర్పు కనుమల్లో వాండాతో పాటు నక్కతోకలా వేలాడే గులాబీ, తెలుపు పూగుత్తుల రింకోస్టైలిస్, గుబురుగా పెరిగే సింబిడియం అలాయిఫోలియం, ఆకాంపే లాంటి జాతులు ఉన్నాయి. అస్సాంలో బిహూ పండుగకు ఆడపిల్లలు జడలో పెట్టుకునేది, ఆ రాష్ట్ర పుష్పమూ ఆ రింకోస్టైలిస్సే. మన కొండల్లో అది కవరులో మూటకట్టుకుని కారు వెనక సీటుకు చేరుతోంది. ఆదివారం సాయంత్రం నగరానికి దిగే ఆ మొక్కలలో వచ్చే దసరా దాకా బతికేవి ఎన్ని అని నన్ను అడిగితే, మా రోగుల బల్ల మీద చూసినంతలో పదింటికి ఒకటి అంటాను. చల్లని కొండ మీద, సగం నీడలో, పొగమంచులో పెరిగిన మొక్క తెగిన వేళ్లతో సిమెంటు మేడ ఎండకు వస్తే మరేం జరుగుతుంది?

ఒక్క మొక్క పోతే ఇంకొకటి మొలవదా అని అడిగేవారికి ఆర్కిడ్ విత్తనం సంగతి చెప్పాలి. ఒక్క కాయలో వేలకు వేలు, కొన్ని జాతుల్లో లక్షలు, విత్తనాలు ఉంటాయి. కానీ అవి ధూళి. మామిడి టెంకలోనూ వడ్ల గింజలోనూ ఉన్నట్టు మొలకకు దాచి ఉంచిన తిండి వాటిలో ఉండదు. గాలికి ఎగిరి, సరైన చెట్టు బెరడు మీద పడి, అక్కడ దానికి తగిన బూజు జాతి ఉండి, ఆ బూజు పోగు విత్తనంలోకి చొచ్చుకుపోయి దానికి తిండి పెడితేనే మొలక. ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్డ్ ఈ రహస్యాన్ని 1899లో కనిపెట్టాడు. ఆ పైన 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు లేకుండానే చక్కెర కలిపిన అగర్ అనే జెల్లీ మీద సీసాల్లో విత్తనాలను మొలకెత్తించాడు. ఈ రోజు నర్సరీల్లో దొరికే సంకర ఆర్కిడ్లన్నీ, పెళ్లి మండపాలకు థాయ్‌లాండ్ నుంచి దిగే ఊదా రంగు డెండ్రోబియం పూల మొక్కలతో సహా, ఆ సీసాల సంతానమూ కణజాల వర్ధనం సంతానమూనే. వాటిని ఎన్ని కొన్నా అడవికి నష్టం లేదు. అడవిలో మాత్రం ధూళి గింజ పూత పూసే మొక్క కావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. దాన్ని పీకడానికి ఒక కొంకి కర్ర, అర నిమిషం చాలు.

చట్టం కూడా ఉంది. రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా మొక్క తీయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూలులో చాలా కాలం పాటు ఉన్న మొక్కల పద్దులు ఆరే ఆరు. వాటిలో మూడు ఆర్కిడ్లవే. ఒకటి నీలి వాండా, మరొకటి ఎర్ర వాండా, మూడోది లేడీస్ స్లిప్పర్. మిగతా మూడింటిలో ఒకటి మన శేషాచలం కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమై. దేశాల మధ్య వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కిందికి ఆర్కిడ్ కుటుంబం మొత్తం వస్తుంది. ఇంత చెప్పినా, ఘాట్ రోడ్డు పక్కన బుట్ట పెట్టుకుని కూర్చున్న గిరిజన మహిళ మీద కేసు పెట్టాలని నేను కోరడం లేదు. ఆమె బుట్టలో ఆ మొక్క వాటా ఎంత? కొనేవాడు లేకపోతే ఆమె దానికోసం చెట్టెక్కదు. నా ఫిర్యాదు కారు ఆపే మన మీద.

"మన" అని ఊరికే అనలేదు. మా సంఘం తొలి ఏళ్లలో ఇదే తప్పు చేసింది. అరకు విహారయాత్రకు వెళ్లి, ఒక్కొక్కరం రెండేసి గుత్తులు కొని తెచ్చుకున్నాం. ఒక ప్రదర్శనలో అలా వచ్చిన మొక్కకే మొదటి బహుమతి ఇచ్చాం, న్యాయనిర్ణేతల్లో ఎవరూ అది ఎక్కడిదని అడగలేదు. ఆ మొక్క మరుసటి ఏడు రోగుల బల్ల మీదికి వచ్చింది, ఆ తర్వాత రాలేదు. దాని యజమానే లేచి, ఇక మీదట అడవి నుంచి తీసిన మొక్కను ప్రదర్శనకూ మార్పిడికీ అనుమతించకూడదని తీర్మానం పెట్టారు. వాదోపవాదాలు జరిగాయి. కొని తెచ్చి బతికించడం రక్షించడమే కదా అని కొందరన్నారు. ఒక మొక్కను రక్షించడానికి ఇచ్చిన డబ్బు పది మొక్కలను పీకిస్తుందని మరి కొందరన్నారు. చివరికి తీర్మానం నెగ్గింది, ఇద్దరు సభ్యులు మానేశారు. ఇప్పుడు అరకు వెళ్తే కాఫీ తోటల్లో చెట్ల కింద తలలెత్తి నడిచి, చూసి, ఫొటో తీసుకుని వస్తాం. మెడ నొప్పి తప్ప మరేమీ తెచ్చుకోం.

తుపానుకు కూలిన చెట్టు మీదివీ, రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టేసిన చెట్టు మీదివీ ఈ నియమానికి మినహాయింపు. వాటిని తీసుకువచ్చి, వేళ్లు కుదుట పరచి, మళ్లీ చెట్లకే కడుతున్నాం. జూన్ చివర, మొదటి వానలు పడ్డాక, గరుకు బెరడు ఉన్న మామిడి, చింత లాంటి చెట్లకు, ఉత్తరం వైపో తూర్పు వైపో, కొబ్బరి పీచు ఆనించి నూలు గుడ్డ పేలికతో కడతాం. ఏడాది తిరిగేసరికి పేలిక చివికి రాలిపోతుంది, అప్పటికి వేళ్లు బెరడును పట్టుకుంటాయి. ఇనుప తీగ వాడకూడదు, అది చెట్టుకూ మొక్కకూ ఇద్దరికీ కోతే. ఇలా కట్టిన వాటిలో సగానికి పైగా నిలిచాయి. అయితే రెండేళ్ల కిందట ఒక పార్కులో అనుమతి తీసుకుని కట్టిన మొక్కలను, మరుసటి వేసవిలో చెట్లను "శుభ్రం" చేస్తూ పనివాళ్లు బరిసెలతో గీకి పారేశారు. వాళ్లను తప్పుపట్టలేను. బదనిక తీసేయమని వాళ్లకు చెప్పారు, వాళ్లు తీసేశారు. మీ వార్తలోని ఆ ఒక్క పదం మీద ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

కనుక మీకు నా విన్నపం, వీలైతే ఒక చిన్న సవరణ వేయండి. రెండు బదనికలను పక్కపక్కన ఫొటోలుగా వేస్తే మరీ మంచిది. గుర్తు పట్టడం కష్టం కాదు. చెట్టు కొమ్మలోంచే మొలిచినట్టు, అతుకు దగ్గర కణితి కట్టి ఉంటే అది పరాన్నజీవి. వేళ్లు బెరడు పైనే పాకుతూ, కొన్ని గాలిలో వేలాడుతూ ఉంటే అది ఆర్కిడ్. మామిడి రైతులు మొదటిదాన్ని నిస్సంకోచంగా కొట్టవచ్చు, రెండోదాన్ని వదిలేస్తే కాపుకు వచ్చే నష్టమేమీ లేదు. పార్కుల నిర్వహణ చూసే అధికారులు గీకే పని మొదలుపెట్టే ముందు ఈ తేడా తెలిసిన వాళ్లను ఒక్కరిని పిలిస్తే చాలు, మేము సొంత నిచ్చెనతో వస్తాం.

మొక్క కొనాలనుకునే వారికి కూడా రెండు హెచ్చరికలు, ఇవి మా రోగుల బల్ల ఇచ్చినవే. సంక్రాంతి రోజుల్లో నిండా పూలతో అమ్మకానికి వచ్చే పెద్ద సింబిడియం సంకరాలు కొండ చలిలో పెరిగినవి. రాత్రులు బాగా చల్లబడితే తప్ప అవి మళ్లీ పూగుత్తి వేయవు, విశాఖ తీరంలో అలాంటి రాత్రులు లేవు. నీలి రంగు ఫాలెనాప్సిస్ చూసి మురిసిపోకండి, కాడలోకి రంగు ఎక్కించినది అది, వచ్చే ఏడు తెల్లగా పూస్తుంది. మన ఊరి తేమకూ వేడికీ సులువుగా ఒదిగేవి డెండ్రోబియంలూ వాండాలే. ఫాలెనాప్సిస్ నీడ పట్టున ఉంటే డిసెంబరు, జనవరి చల్లదనానికి కాడ వేస్తుంది. ఆకు మొక్కలైతే కడియం నర్సరీల నుంచి లారీలు దిగని వారమే ఉండదు కనుక వాటికి కొదవ లేదు. కొనే ముందు కుండీ అడుగు రంధ్రం చూడండి, వేళ్లు బయటికి వచ్చి తెల్లగా గట్టిగా ఉంటే తీసుకోండి.

వచ్చే రెండో ఆదివారం సమావేశంలో పాత డెండ్రోబియంలను విడదీసి పిలకలు పంచుతున్నాం. సభ్యులు కాని వారూ రావచ్చు. కుండీ, కొంచెం బొగ్గు ఎవరివి వారే తెచ్చుకోవాలి, ఇంట్లో చావుబతుకుల్లో ఉన్న మొక్క ఏదైనా ఉంటే దాన్ని కూడా తీసుకురండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
మద్దిలపాలెం, విశాఖపట్నం